కాళ్ళ కింద పేరు

ఉప్పు గాలి.

మైపాడు దాటి ఇంకాస్త ముందుకు పోతే, సరుగుడు తోటల వెనక, ఎర్రరాయి వాసన కూడా ఉప్పగానే ఉంటుంది. ఆ గాలి ఇనుమును తింటుంది. సున్నాన్ని తింటుంది. సైకిలు చైన్లను, కిటికీ బందులను, బడి గంటను... వేటినీ వదలదు.

ఆ గాలికి ఎదురుగా ఒక భవనం.

అయిదు గుమ్మటాలు — విచ్చీ విచ్చని తామర రేకుల్లా. కింద ఎర్రరాయి గోడలు. ముందు పల్చటి నీళ్ళ మడుగు. సిక్కుల చరిత్ర చెప్పే మ్యూజియం అది. పంజాబు ఎక్కడ, నెల్లూరు సముద్రం ఎక్కడ అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు చాలామందే. ఆ వేలు తీసేసి, ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకుని చూడ్డానికి పోయినవాళ్ళూ వాళ్ళే.

కరుణాకుమారి మాత్రం లోపలికి పోలేదు.

గడప దాకా పోయింది. అక్కడే ఆగిపోయింది.

అయినా లోపల ఏముందో ఆమెకు తెలుసు. కళ్ళతో చూసి కాదు, చెవులతో విని. ఆమె భర్త జకరయ్య తాపీ మేస్త్రి. ఆ భవనం పని మొదలైన దగ్గర్నుంచీ అందులోనే ఉన్నాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని, రోజుకో గది కట్టి చూపించేవాడు. పప్పన్నం మధ్యలో వేలితో గీత గీసి, ఇది గోడ అనేవాడు. ఊరగాయ ముక్క జరిపి, ఇది గుమ్మం అనేవాడు.

"ముందు తిను" అనేది ఆమె.

తినేవాడు కాదు. చెప్పేవాడు.

ఒక గదిలో దారి రెండుగా చీలుతుందట. ఎప్పుడో సిక్కుల గురువుగారి కుటుంబం కోట విడిచి పోతూ, వరద ఏరు దాటబోయి చెల్లాచెదురైపోయిందట. అందుకని ఆ గదిలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చినవాళ్ళు విడిపోయి నడవాల్సిందే. నడుమ గోడ. గోడకు అవతల మనవాళ్ళ అడుగుల చప్పుడు వినబడుతుంది గానీ మనిషి కనబడడు.

"ఆ గోడ నేనే కట్టినాను మే" అనేవాడు జకరయ్య. గర్వంగానే అనేవాడు.

ఇంకో గది కట్టిన రోజు మాత్రం గర్వం లేదు. ఆ రోజు తొట్టి దగ్గర కూర్చుని చేతులు కడిగాడు, కడిగాడు, సిమెంటు పోయాక కూడా కడిగాడు. గురువుగారి చిన్న కొడుకులిద్దర్నీ, మతం మార్చుకోమంటే మేం మారం అన్నందుకు, బతికుండగానే నిలబెట్టి చుట్టూ గోడ కట్టేశారట. ఆ గదిలో బొమ్మలుండవు. ఒక్క ఇటుక గోడే. పిల్లవాడి భుజం ఎత్తు దాకా కట్టి, అక్కడ వదిలెయ్యమన్నారట.

కట్టి వదిలేసి వచ్చాడు.

"మే కరుణా... ఆ కాలంలో ఆ గోడ కట్టింది గూడా ఒక మేస్త్రే గదా. వాడు సాయంత్రం ఇంటికి పోయి అన్నం తినుంటాడా?"

ఆ పూట ఆయనా తినలేదు.

ఆ భవనం కట్టించింది నిరంజన్ సింగ్ అనే పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు లారీ తోలుకుంటూ వచ్చాడు. మనుబోలు దగ్గర లారీ ఆగిపోయింది. లారీ బాగయింది గానీ మనిషి కదల్లేదు. హైవే పక్కన రొట్టెల హోటలు పెట్టాడు. తర్వాత తనే లారీలు కొన్నాడు. గడ్డం తెల్లబడింది. మాట నెల్లూరు మాటయింది. కళ్ళు మూసుకుని వింటే మనుబోలు రైతు మాట్లాడుతున్నట్టే ఉండేది. జనం ఆయన్ని సింగన్న అన్నారు. ఆయనా పలికాడు.

ఇంత సంపాదించి ఏం చేస్తావు సింగన్నా అంటే — మావాళ్ళ కథ మీవాళ్ళకి చెప్తా అన్నాడు.

నోటితో కాదు. రాయితో.

నవంబరు వాన.

గుమ్మటం లోపలి పూత ఇంకో రెండు గజాలు ఉందనగా, లోపలికి కొట్టిన జల్లుకు తడిసిన పరంజా మీద జకరయ్య కాలు జారింది.

అంతే. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. చెప్పినకొద్దీ ఆయన మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంటాడు.

సమాధుల తోటలో ఇసుక తడిగా ఉంది. సింగన్న చెప్పులు విడిచి వచ్చాడు. పెట్టెకు భుజం ఇచ్చాడు. పాటలు రాకపోయినా పాడుతున్నవాళ్ళ పక్కనే నిలబడ్డాడు. అందరూ పోయాక ఆమె ముందుకొచ్చి తల వంచాడు.

"ఏం కావాల్నో అడుగు తల్లీ."

కరుణాకుమారి అడిగింది ఒక్కటే.

"ఆయన పేరు ఆడ వెయ్యండయ్యా. అందరికీ కనబడేట్టు."

"వేస్తా. అన్నిటికంటే పెద్ద చోటిస్తా" అన్నాడు సింగన్న.

పేరే ఎందుకు అడిగిందంటే — వాళ్ళ చర్చిలో పేరు లేని వస్తువు లేదు. బెంచీ వీపు మీద పేరు. గోడ గడియారం అద్దం మీద పేరు. ట్యూబులైటు పట్టీ మీద పేరు. ఫలానా వారి జ్ఞాపకార్థము, ఫలానా వారి కుటుంబము. సీలింగు ఫ్యాను రెక్కల మీద రాయించిన మహానుభావులు కూడా ఉన్నారు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు గదా... ఆ ఇంటివాళ్ళు నిండు మే నెల్లో ఫ్యాను ఆపమనేవాళ్ళు. చెమటలు కక్కుతూ ప్రసంగం వినే జనమంతా ఆ పేరు చదువుకుంటూ కూర్చునేవాళ్ళు.

ఆ గోడలకు పూత పూసింది జకరయ్య. ఆ పాలరాతి పలకలు ఒక్కొక్కటీ వంకర రాకుండా నూలు దారం పట్టి బిగించింది జకరయ్య.

ఆయన పేరు ఎక్కడా లేదు.

మేస్త్రి పేరు ఎవరు రాస్తారు?

వేసవిలో, సిక్కుల వైశాఖి పండగ నాడు, మ్యూజియం తలుపులు తీశారు. కరుణాకుమారి ఇస్త్రీ చీర కట్టుకుంది. మరిది మాథ్యూ ఆటోలో తీసుకుపోయాడు. జకరయ్యకు తమ్ముడతను, చర్చి కమిటీలో మెంబరు, నోరు కాస్త పెద్దది.

చెప్పులు బయట విడవాలి. విడిచింది. తల మీద గుడ్డ వేసుకోవాలి. ప్రార్థనకు వేసుకున్నట్టే కొంగు వేసుకుంది. గుమ్మం ముందు చిన్న కాలువలో నీళ్ళు — అందులో కాళ్ళు తడుపుకుని పోవాలి. జనం తడుపుకుని పోతున్నారు.

ఆమె గోడల వంక చూసింది.

ఎడమ గోడ. కుడి గోడ. గుమ్మం పైన.

పేరు లేదు. ఎవరి పేరూ లేదు. మర్చిపోయి ఉంటాడులే అనుకుంది. పెద్దవాళ్ళు మర్చిపోతారు, మనం గుర్తు చెయ్యకూడదు, అంతేగా లోకం.

అప్పుడు సింగన్న వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. పెళ్ళిపెద్ద హడావుడి ఆయనది. జనాన్ని తప్పించుకుంటూ ఆమెను గుమ్మం దగ్గరికి తీసుకొచ్చాడు.

"చూడు తల్లీ."

చేత్తో చూపించాడు.

కిందికి.

గడప దగ్గర, సరిగ్గా అందరూ అడుగు పెట్టే చోట, నేలలో ఒక తెల్లరాయి. రాయి మీద తెలుగు అక్షరాలు. జకరయ్య మేస్త్రి. రెండు పక్కలా ఇంకో రెండు రాళ్ళు, వాటి మీద తీగల్లాంటి చెక్కడమేదో ఉంది — అలంకారం అనుకుంది ఆమె. ఆ మూడు రాళ్ళ మీదా తడి పాదాలు. ఒకటి పోతే ఇంకొకటి. మడమలు, వేళ్ళు, పగుళ్ళు, మట్టి. ఆయన పేరులోని ప్రతి అక్షరం మీదా ఎవరిదో ఒకరి పాదం.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మన ఇళ్ళల్లో వట్టి గడపనే తొక్కరు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు. అట్లాంటిది... పేరు. చచ్చిపోయిన మనిషి పేరు. ఈ గుమ్మటం కిందే ప్రాణం వదిలిన మనిషి పేరు.

మాథ్యూ అరిచాడు. అరవడం అతనికి కొత్త కాదు గానీ ఆ రోజు న్యాయం తన వైపే ఉందన్న ధైర్యం కూడా తోడైంది.

"మా అన్న పేరు కాళ్ళ కింద ఏస్తావా? ఊరందరి చేతా తొక్కిస్తావా? కూలోడనే గదా?"

"అబ్బయా, నా మాట ఇను" అన్నాడు సింగన్న. "మా దాంట్లో ఇంతకన్నా పెద్ద చోటు లేదు. వచ్చేవాళ్ళ పాదాల దుమ్ము..."

"ఆ దుమ్మేదో నువ్వే మొగానికి పూసుకో!"

జనం ఆగిపోయారు. పక్కన పండగ భోజనాల వడ్డన ఆగిపోయింది. సింగన్న మాథ్యూ వంక చూడలేదు. ఆమె వంకే చూశాడు.

"నువ్వు చెప్పు తల్లీ. నువ్వు తియ్యమంటే తీస్తా."

ఎందుకు ఇక్కడ వేశావయ్యా అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. నెల్లూరు మాటలోనే చెప్పేవాడు. నోటిదాకా వచ్చిన ఆ ప్రశ్నను ఆమె కోపంతో మింగేసింది.

"తీసెయ్యండి."

పనివాళ్ళు ముందుకొచ్చారు. వద్దన్నాడు. ఉలీ సుత్తీ తనే తెప్పించుకున్నాడు. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, తన పండగ నాడు, తన గడప ముందు మోకరించి తనే తవ్వాడు. ఒక్కొక్క దెబ్బకూ భుజాలు అదిరాయి. రాయి ఊడివచ్చాక దాని మీద అరచెయ్యి పెట్టి రుద్ది, ఆ చేత్తో నుదురు తుడుచుకున్నాడు.

చెమట అనుకుంది కరుణాకుమారి.

రాయి ఆమె చేతుల్లో పెట్టాడు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. దారి పొడుగునా మాథ్యూ మాట్లాడుతూనే ఉన్నాడు. గెలిచినవాడు ఎక్కువ మాట్లాడతాడు.

ఇప్పుడు రాయి ఉంది. చోటు?

చర్చి కమిటీ కూర్చుంది. గోడల మీద జాగా లేదన్నారు. జాగా ఉంది, అందరూ చూశారు. అయినా లేదన్నారు. గోడ మీదికెక్కాలంటే ఏదో ఒకటి ఇచ్చినవాళ్ళై ఉండాలి. జకరయ్య ఏమిచ్చాడు? ఆ గోడలు కట్టాడు, అంతేగా. మాథ్యూ బల్ల గుద్దాడు, కుర్చీ తన్నాడు, కమిటీకి రాజీనామా ఇస్తానన్నాడు. ఆఖరికి ఒప్పుకున్నారు. పక్క కిటికీకి పైన, ఇంకా పైన, లౌడు స్పీకరు బూర కింద.

చాలా ఎత్తున.

మాథ్యూ నిచ్చెన ఎక్కి సిమెంటు దట్టంగా పెట్టి బిగించాడు. "ఇప్పుడు చూడు వదినా, ఎవుడి కాలన్నా అందుద్దేమో" అన్నాడు.

ఎవరి కాలూ అందలేదు. ఎవరి కన్నూ అందలేదు.

ఆదివారం ఆదివారం ఆమె మెడ ఎత్తి చూసేది. జకర... దాకా కనబడేది. తర్వాత బూర నీడ. ఆ రాయి వంక చూసే మనిషి సంఘం మొత్తం మీద ఆమె ఒక్కతే. పావురాలు మాత్రం రోజూ వచ్చేవి.

అయినా తృప్తిగానే ఉంది, తృప్తిగా ఉండాలి గదా. కొట్లాడి తెచ్చుకున్నదాయె.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ ముందు చర్చికి రంగులు వేస్తారు, ఏటా వేసేదే. ఈసారి లేత గులాబి డిస్టెంపరు. రంగులవాళ్ళు బెంచీల పేర్లకు కాగితాలు అంటించారు. గడియారం మీద గుడ్డ కప్పారు. ఫ్యాను రెక్కలకు కవర్లు కట్టారు. అంత ఎత్తున కిటికీ పైన ఒక రాయి ఉందని ఎవరికి గుర్తు?

బ్రష్షు పోయింది.

పండగ ఆరాధనకు వచ్చి ఆమె మెడ ఎత్తింది. గులాబి గోడ. చివరి నుంచి చివరి దాకా గులాబి. రాయి ఎక్కడుందో కూడా ఆనవాలు దొరకలేదు.

"యాడికి పోద్ది వదినా?" అన్నాడు మాథ్యూ, కేకు నములుతూ. "రంగు కిందనే ఉండాది గదా."

గీకించమంది. పండగ పూట గీకితే గోడ చెడిపోతుందన్నారు, వచ్చే ఏడు చూద్దామన్నారు. పోనీ తీసి నాకిచ్చెయ్యండి అంది. పాస్టరు గారు మెల్లగా, చాలా మర్యాదగా చెప్పారు — "దేవుని మందిరం గోడకు గునపం వేస్తామా అమ్మా?"

ఆ మాట వింటున్నప్పుడు ఆమెకు ఇంకో మనిషి గుర్తొచ్చాడు. అడగ్గానే తన గడప తనే పగలగొట్టి ఇచ్చినవాడు.

కోపం వచ్చింది. ఎవరి మీద అని వెతుక్కుంటే, తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. సిగ్గు కూడా వచ్చింది. అక్కడ కనీసం అందరికీ కనబడేది. తొక్కేముందు చూసేవాళ్ళు. చదువొచ్చినవాళ్ళు చదివి ఉండేవాళ్ళు, ఈ మేస్త్రి ఎవరని పక్కవాళ్ళను అడిగి ఉండేవాళ్ళు.

సింగన్నను అడగాలి. తప్పయిపోయిందయ్యా అనాలి. ఇంకో రాయి చెక్కించి అక్కడే వెయ్యండి, నేలలోనే వెయ్యండి అనాలి.

ఆయన వేస్తాడు. ఆయన కాదనడు.

పండగ దాటాక ఒక పగటిపూట బస్సెక్కి పోయింది. ఒక్కతే. మాథ్యూకి చెప్పలేదు.

సరుగుడు తోటలు. ఎర్రరాయి. మడుగులో గుమ్మటాల నీడ కదులుతూ ఉంది. చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, గుమ్మం ముందు మెట్టు మీద నిలబడింది. లోపల్నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు వెన్నెల, కొడవలూరు పిల్ల, వచ్చినవాళ్ళకు గదులు చూపించే ఉద్యోగం.

"సింగన్న ఉండాడా అమ్మా?"

"తాతయ్య పోయినారక్కా. దసరా ముందే."

ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? ఎందుకు చెబుతారు?

"సమాధి యాడ?"

"వాళ్ళకు సమాధులుండవక్కా. బూడిద నీళ్ళలో కలిపేసినారు. పేరు మాత్రం ఉండాది."

"యాడ?"

వెన్నెల కిందికి చూసింది.

కరుణాకుమారి కూడా చూసింది. తన పాదాల కింద తెల్లరాయి. దాని మీద తీగల్లాంటి ఆ చెక్కడం. అలంకారం కాదు, వాళ్ళ అక్షరాలు. నిప్పు తొక్కినట్టు ఎగిరి పక్కకు దూకింది.

"దిగబాకండక్కా! తొక్కాలనే ఆడ ఏసింది. తాతయ్యే అడిగి ఏయించుకున్నారు. మెట్టు మీద, చెప్పులిడిచే కాడ, అందరికంటే కింద."

ఆ తర్వాత వెన్నెల చెప్పింది. రోజూ వచ్చినవాళ్ళకు చెప్పే మాటలే, అందుకని గడగడా చెప్పింది. వచ్చేవాళ్ళ పాదాల దుమ్ము నుదుట పెట్టుకోవడం వీళ్ళకు గొప్ప. పేరు గోడకెక్కితే గర్వం పెరుగుతుందంటారు. నేలలో ఉంటే అందరి పాదాలూ దీవించిపోతాయంటారు. అదుగో, గడపకు ఎడమ పక్క రాయి తాతయ్య వాళ్ళమ్మది, దేశం రెండైనప్పుడు బిడ్డను చంకనేసుకుని నడిచొచ్చిన తల్లి. కుడి పక్క రాయి చేతికందొచ్చి పోయిన కొడుకుది.

"నడిమి చోటు తనకని పెట్టుకున్నారంట. అమ్మకీ కొడుక్కీ మధ్యలో. అది ఒక మేస్త్రికి ఇచ్చేసినారంట. తర్వాత ఆ మేస్త్రి వాళ్ళొచ్చి..."

వెన్నెల కరుణాకుమారి ముఖం చూసింది. చేతుల వంక చూసింది.

"మీరేనా అక్కా?"

కరుణాకుమారి తల ఊపింది.

"రాయి తెచ్చినారా? తాతయ్య చెప్పి పోయినారు. ఆ తల్లి ఎప్పటికైనా ఆ రాయి తీసుకుని వస్తది, వస్తే ఆడనే పెట్టండి, ఇంకెవరి పేరూ పెట్టబాకండి అని. నా పేరు గూడా పెట్టబాకండి అన్నారు."

ఖాళీ చేతులు. వాటిని ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలియలేదు.

రెండు తెల్లరాళ్ళ నడుమ తవ్వేసిన చోట సిమెంటు పోసి ఉంది. నున్నగా తియ్యలేదు. ఉలి దెబ్బల అంచులు అట్లాగే ఉన్నాయి.

నాయుడుపేట నుంచి ఒక బస్సు వచ్చి ఆగింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంకబిడ్డలు. చెప్పులు విడిచారు, సింగన్న మీద అడుగు వేశారు. కాళ్ళు తడుపుకున్నారు. ఆయన తల్లి మీద అడుగు వేశారు. కొడుకు మీద వేశారు. నడిమి చోటు దగ్గరికి వచ్చేసరికి అందరి కాళ్ళూ పక్కకు తిరుగుతున్నాయి.

"గుచ్చుకుంటాదని ఎవరూ తొక్కరక్కా" అంది వెన్నెల.

కరుణాకుమారి కాలువలో కాళ్ళు తడుపుకుని గడప దగ్గరికి నడిచింది. ఆ గరుకు మీద ఒక పాదం పెట్టింది. రెండో పాదం పెట్టింది. నిజమే, గుచ్చుకుంటోంది. తడి అరికాలి కింద ఒక్కొక్క మొన తెలుస్తోంది. లోపల, ఆ చల్లటి చీకట్లో, ఆయన కట్టి వదిలేసిన గోడ ఉంది.

"లోపలికి రండక్కా, చూపిస్తాను" అంది వెన్నెల.

ఆమె కదల్లేదు. లోపలికి పోలేదు. వెనక్కీ రాలేదు. బరువంతా అరికాళ్ళ మీద వేసి అట్లాగే నిలబడింది.

జనం ఆమెను తప్పించుకుని, పక్కనుంచి నడిచిపోతున్నారు.